బతికున్నవాడి ఆత్మకుండ

గ్వాంగ్‌లింగ్, పెద్ద నది ఉత్తరపు ఒడ్డు
శరత్కాలం చివర

అక్కయ్య డింగ్ రౌ గారికి, రాజధాని ముద్రల కార్యాలయపు అధికారి అయిన మీ తమ్ముడు డింగ్ ఖువాంగ్ నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను క్షేమంగా ఉన్నాను.

క్షేమం అన్నది మర్యాద కోసం రాసిన మాట. నా ఎడమ కాలు మొద్దుబారింది. ఏం తిన్నా రుచి తెలియడం లేదు. ఎండలో కూర్చున్నా వీపులోంచి చలి పుడుతోంది. ఇక్కడ రేవులో జాతకాలు చెప్పేవాడొకడు నా నాడి పట్టి చూసి, "అయ్యా, మీరిక్కడ సగమే ఉన్నారు. మిగతా సగాన్ని ఎవరో మూత పెట్టి దాచారు" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

తరవాత మన షాంగ్‌యూ నుంచి కుండల పడవ వచ్చి ఆగింది. మన ఊరి భాష వినబడితే ప్రాణం లేచివచ్చి సరంగుతో మాట కలిపాను. వాడు నన్ను గుర్తుపట్టలేదు. నా చావు కథ నాకే చెప్పాడు. డింగ్ వారి ఆడపడుచు తమ్ముడి కోసం ఆత్మకుండ చేసిందట. శవం దొరకలేదు కాబట్టి ఇంటి కప్పెక్కి అతని పాత అంగీ ఊపి, ఉత్తరానికి తిరిగి ఆత్మని పిలిచి, ఆ కుండలోకి దింపి కొండపక్కన పూడ్చారట. అంత గొప్ప పచ్చపూత కుండ ఆ జిల్లాలోనే లేదట.

అక్కా, నువ్వు మట్టి పిసికే మనిషివి. పెద్ద విషయాలు నీకు తెలియకపోవడంలో తప్పులేదు. కానీ బతికున్నవాడి ఆత్మని పాతేస్తారా? కబురు నిజమా అబద్ధమా అని ఒక్కరైనా కనుక్కోనక్కర్లేదా? ఈ ఉత్తరం అందగానే సమాధి తవ్వించు. కుండ పగలగొట్టి ముక్కలు నదిలో పారేయించు. ఆ పైన మా అబ్బాయి యీకి బండి ఇచ్చి ఇక్కడికి పంపు. సరంగుకి నా పేరు చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నా రాక తగిన మర్యాదలతో జరగాలి.

ఊరికే తెలుసుకుందామని ఒక్క మాట అడుగుతున్నాను. కుండ ఎంత ఎత్తు? దాని మీద మట్టితో కట్టే మేడ ఎన్ని అంతస్తులు పెట్టావు?

*

షాంగ్‌యూ, ఆవం కొండ
చలికాలం మొదట్లో

చచ్చిపోయిన తమ్ముడికి,

సరంగు నీ ఉత్తరం తెచ్చేసరికి నేను మోచేతుల దాకా బంకమట్టిలో ఉన్నాను. చేతులు కడుక్కోకుండానే విప్పాను. నీ దస్తూరీ చూసి ఏడ్చాను. "నువ్వు మట్టి పిసికే మనిషివి" అన్నచోటికి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. నువ్వే, ఇక అనుమానం లేదు.

నీ చావు కబురు మాకు తెచ్చింది నీ నౌకరు ఫూ. రాజధాని శత్రువుల పాలైన మరుసటి ఏడు చిరుగుబట్టలతో వచ్చి మన గుమ్మంలో పడ్డాడు. ముద్రల పెట్టె గుండెకి హత్తుకుని అయ్యగారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారని, పెట్టె ఇవ్వమంటే ఇవ్వలేదని, నిలువునా నరికేశారని చెప్పి బావురుమన్నాడు. మీ ఆవిడ స్వే వాడికి కొత్తబట్టలు పెట్టి కడుపునిండా అన్నం పెట్టింది. ఊరు ఊరంతా వచ్చి విన్నది. చెప్పిన ప్రతిసారీ నీ మీద పడే కత్తులు పెరిగేవి. అడ్డంగా నిలబడడం, నువ్వూ! నాకప్పుడే మింగుడు పడలేదు. కానీ ఏడుస్తున్న ఇంట్లో ఆ మాట ఎలా అంటాను?

ఇక నీ పుత్రరత్నం. తండ్రి కోసం సంతాపం పాటించడంలో యీని మించినవాడు జిల్లాలో లేడు. గడ్డి మీద పడుకున్నాడు. గంజినీళ్ళతో బతికాడు. కర్ర పట్టుకుంటే తప్ప లేచి నిలబడలేనంత చిక్కిపోయాడని అందరూ చెప్పుకున్నారు. పరామర్శకి ఎవరూ రాని పూట ఆ కర్ర గోడకి ఆనించి ఉండేది, వాడు పెరట్లో తిరుగుతూ ఉండేవాడు. పితృభక్తుడని జిల్లా అధికారి పైకి రాశాడు. ఇప్పుడు ఆయన కచేరీలో పెద్ద గుమస్తా. అంతా నీ చావు పుణ్యం. రేపు నువ్వు రేవులో దిగి మీసం దువ్వుకుంటూ నడిచొస్తే వాడు ఏమవుతాడో, మీ ఆవిడ ఎవరికి మొహం చూపిస్తుందో కాస్త ఆలోచించు. తొందరపడి బండి పంపను.

కుండ పగలగొట్టమన్నావు. ఒరేయ్, ఆత్మకుండ పొట్ట చుట్టూ కన్నాలుంటాయిరా! ఒక్కో కన్నం దగ్గర తాబేలునో మలుగుపామునో సగం లోపలా సగం బయటా అంటిస్తాం. ఆత్మకి రాకపోకలు ఉండాలని. అమ్మ వీపున వేలాడే రోజుల నుంచి చూస్తూ పెరిగావు. నిన్ను మేమెవరం దాచలేదు. కాలు మొద్దుబారితే కాలు మీద కాలేసుకుని కూర్చోవడం మానెయ్.

ఎత్తు అడిగావు కాబట్టి చెబుతున్నాను. మూరెడు కంటే కాస్త ఎక్కువ. మేడ రెండంతస్తులు. నీకు చాలు.

తలుపు దగ్గర నరికేసిన మనిషి గ్వాంగ్‌లింగ్ దాకా ఎలా నడిచాడో తిరుగు టపాలో రాయి.

*

గ్వాంగ్‌లింగ్
నది మీద మంచు పట్టిన రోజులు

అక్కకి,

నీ ఉత్తరం చదివాక ఒక పూట అన్నం తినలేదు. తోడబుట్టినవాడు బతికి ఉన్నాడని తెలిస్తే లోకంలో ఎవరైనా వెక్కిరిస్తారా? మన నాన్న నన్ను చదువుకి పంపి నిన్ను ఆవం దగ్గర ఎందుకు కూర్చోబెట్టాడో నీ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

రాజధాని నుంచి నేను పారిపోలేదు. ముద్రల పెట్టె క్షేమంగా ఉండాలంటే దాన్ని మోసే అధికారి ముందు క్షేమంగా ఉండాలని యోచించి, వేళ చూసుకుని నిష్క్రమించాను. అలాంటి యోచన అందరికీ తట్టదు. పెట్టె సంగతి వేరే మాట్లాడుకుందాం.

రెండంతస్తులా? మన వాగు అవతల ఉండే ఉప్పు వ్యాపారి చచ్చిపోతే వాళ్ళ వాళ్ళు మూడంతస్తుల కుండ చేయించుకున్నారు. నీ చేత్తోనే చేశావు. వాడికి సంతకం పెట్టడం కూడా రాదు. రాజధానిలో కొలువు చేసిన సొంత తమ్ముడికి రెండు! కుండ భుజం చుట్టూ ఆ మృగం మొహాలు, వాటి నోళ్ళలో కడియాలు పెట్టే ఉంటావు. అవి చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ సిగ్గు. కంచు పాత్రల కడియాలు ఎత్తితే మోగుతాయి. మీవి మట్టికే అతుక్కుని ఉంటాయి, ఎత్తలేం, తిప్పలేం. కంచుగా పుట్టలేని మట్టి వేసే వేషం అది. రాజధానిలో మన ఊరి కుండలని ఎవరైనా మెచ్చుకుంటే నేను ఆ ఊరివాణ్ణని చెప్పుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు గొప్పిళ్ళలో పడమటి దేశపు దేవుణ్ణి తామరపువ్వు మీద కూర్చోబెట్టి అంటిస్తున్నారట. పెట్టావా? ఎదురుగా తాబేలు మోసే శిలాఫలకం మీద నా హోదా పూర్తిగా రాశావా, లేక చోటు చాలలేదని కోసేశావా?

కన్నాల సంగతి నాకు తెలుసు. అవి ఎంత సన్నంగా ఉంటాయో కూడా తెలుసు. కుండ పగలగొట్టు.

*

షాంగ్‌యూ, ఆవం కొండ
వెదురు మొలకలు లేచే రోజులు

వేళ చూసుకుని నిష్క్రమించిన తమ్ముడికి,

నీ నౌకరు ఫూని పిలిచి కల్లు పోయించాను. రెండు గిన్నెలకే కత్తులన్నీ ఎగిరిపోయాయి. మూడో గిన్నెకి తలుపు కూడా పోయింది. శత్రువులు వీధి మలుపులో ఉండగానే ముద్రల పెట్టె నేల మీద పడేసి వంటింటి పెరట్లోకి పరిగెత్తావట. అక్కడ ఆవకూర ఊరవేసే పెద్ద జాడీలో దూరి మూత లాక్కున్నావట. వాడు పక్క జాడీలో ఉన్నాడట. నిజం చెబితే స్వే అమ్మగారు అన్నం పెట్టరని ఆ కథ అల్లాడట. కుండలు చేసే ఇంటి పరువు నిలబెట్టావు నాయనా! కొలువులో చేరిన ఇన్నాళ్ళకి మట్టి విలువ తెలిసింది నీకు.

కుండ మీద ఏముందో అడిగావుగా, విను. మళ్ళీ అడక్కు.

మూతి చుట్టూ పిచ్చుకలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, రెక్కలు విప్పి, తోసుకుంటూ గింజల కోసం ఎగబడుతున్నట్టు చేశాను. అచ్చు వాడలేదు, ఒక్కోటీ వేళ్ళతో నలిపి పుల్లతో ఈకలు గీశాను. వాటి మధ్యలో నాలుగు మూలలా చిన్న కుండలు. కింద మేడ, గుమ్మానికి రెండు పక్కలా వాద్యగాళ్ళు. ఒకడు పిల్లనగ్రోవి, ఒకడు తంబుర. పడమటి దేవుడు ఉన్నాడు, తామర మీదే ఉన్నాడు, నీ కొడుకు అడిగితే పెట్టాను. ఆయనెవరో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. మృగాల మొహాలున్నాయి. కడియాలున్నాయి. అవి మోగవని నాకూ తెలుసు. వాటిని మోగించడానికి పెట్టలేదు. మట్టి మీద నీడ పడేలా గుండ్రంగా ఒక గీత కావాలి, అందుకు పెట్టాం. నీకెంత చదువు చెప్పించినా కంటికి కనబడేది ధర ఒక్కటే.

శిలాఫలకం మీద నీ హోదా రాయలేదు. "ఈ కుండ వాడినవారి పిల్లలు పెద్ద కొలువులు చేయుదురు గాక" అని అందరికీ రాసేదే రాశాను.

ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నాను. ఫూ ఏడ్చి చెప్పిన రోజునే నాకు తెలుసు, నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉండవని. అందుకని మేడ వెనక గోడ పక్కన, ఎవరూ తిప్పి చూడని చోట, మోకాళ్ళు గడ్డానికి ఆనించి నక్కి కూర్చున్న చిన్న మనిషిని పెట్టాను. అది నువ్వే. ఎదుట వాద్యాలు ఊరి కోసం, నీ కొడుకు కోసం. వెనకాల మనిషి నా కోసం. కాల్చిన తరవాత చూస్తే పూత నీ వీపు మీదుగా జారి పాదాల దగ్గర చిక్కగా నిలిచింది. చెరువు నాచు రంగు. అంత మంచి రంగు నా చేతికి ఇంకెప్పుడూ రాలేదు. పూడ్చేముందు నీ కొడుకు దాన్ని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. చూసేవాళ్ళు తన వైపు చూస్తున్నారా లేదా అని చూసుకున్నాడు.

రావాలనుంటే రా. వేరే పేరుతో రా. ఉత్తరాది నుంచి వచ్చిన దిక్కులేనివాళ్ళు ఎంతోమంది ఇక్కడ ఆవాలకి కట్టెలు మోస్తున్నారు. గడ్డం పెంచుకో, నోరు తక్కువగా వాడు. నా ఆవం దగ్గర గుడిసె ఇస్తాను. వసంతంలో నీ సమాధికి నువ్వే పూలు పెట్టుకోవచ్చు.

రౌ

*

గ్వాంగ్‌లింగ్
తుమ్మెదలు తిరిగే రోజులు

అక్కకి,

అది ఊరగాయ జాడీ కాదు. సారా జాడీ. ఫూ తాగుబోతు వెధవ, వాడి మాట నువ్వు నమ్మావు. సారాయి కూడా మామూలుది కాదు, పెద్ద అధికారుల విందులకి దాచినది, ముందురోజే ఖాళీ అయ్యింది. రాసేటప్పుడు సరిగ్గా తెలుసుకుని రాయాలి.

మూత కొంచెం తెరిచి పెట్టుకున్నాను, ఊపిరాడాలి కదా. దాంతో అన్నీ వినబడ్డాయి. నాతో పక్క బల్ల దగ్గర కూర్చునే సన్ అనే ముసలాయన నా పేరు పెట్టి పిలిచాడు. చాలాసేపు పిలిచాడు. దాని గురించి నేను ఎవరికీ చెప్పను, నీకూ రాయను. అప్పట్నుంచి మూత పెట్టిన గిన్నె చూస్తే నాకు చెమట పడుతుంది. ఇక్కడ నా అన్నం గిన్నె మీద ఆకు కూడా కప్పనివ్వను. ఇప్పుడు నువ్వు నన్ను ఇంకో కుండలో పెట్టి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, భూమిలో పాతేశానని సంతోషంగా రాశావు. కన్నాలున్నాయట.

కట్టెలు మోయాలా నేను? రాజధానిలో ముద్ర వేసిన చేతులివి. ఇక్కడ రేవులో కాందిశీకులకి అర్జీలు రాసిపెడుతున్నాను. వాళ్ళు నన్ను అయ్యగారూ అని పిలుస్తారు. నీ ఆవం దగ్గర బూడిద ఎత్తుతూ, నా సొంత కొడుకు పల్లకీలో పోతుంటే పక్కకి జరిగి దండం పెట్టనా? నాలుగు రోజులు జ్వరం వచ్చి ఇక్కడే పోయినా పోతాను గానీ అది మాత్రం చెయ్యను.

నీతో లాభం లేదని తెలిసింది. యీకి నేరుగా రాశాను. వాడి కచేరీకే పంపాను. రక్తం రక్తమే కదా. పసివాడుగా ఉన్నప్పుడు నా అంగీ కొస పట్టుకుని వీధి చివరిదాకా వచ్చేవాడు. ఉత్తరం అందిన రోజునే వాడు బయల్దేరకపోతే నన్ను డింగ్ ఖువాంగ్ అనకు.

*

షాంగ్‌యూ, ఆవం కొండ
ఎండాకాలం

తమ్ముడూ,

ముందు ఆ బస మార్చు. ఈ ఉత్తరం చదవగానే మార్చు. కారణం కింద రాస్తున్నాను.

నీ కొడుకు వచ్చాడు. నా దగ్గరికి, నీ దగ్గరికి కాదు. కచేరీ దుస్తుల్లో, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆవం దగ్గరికి నడిచొచ్చాడు. పనివాళ్ళని దూరంగా పంపించమన్నాడు. చొక్కా మడతలోంచి నీ ఉత్తరం తీశాడు.

"అత్తయ్యా, ఎవడో మోసగాడు నాన్నగారి పేరుతో రాస్తున్నాడు."

"మోసగాడేమిట్రా. అది మీ నాన్న దస్తూరీ. నువ్వు ఆ అక్షరాలు దిద్ది నేర్చుకున్నవాడివి."

"దస్తూరీ ఎవరైనా నేర్చుకుంటారు."

"చిన్నప్పుడు నువ్వు అంగీ పట్టుకుని వచ్చేవాడివని రాశాడా లేదా? అది మోసగాడికి ఎలా తెలుస్తుంది?"

ఒక్క క్షణం వాడి మొహంలో నువ్వు వీధి చివర కనబడకుండా పోయేదాకా నిలబడే ఆ పిల్లవాడు కనిపించాడు నాకు. అంతే, మళ్ళీ రుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు.

"మా నాన్న రాజధానిలో చనిపోయారు. నేను ఏడ్చాను. గంజి తాగాను. జిల్లా అంతా చూసింది. మళ్ళీ ఇంకో నాన్న నాకు అక్కర్లేదు" అన్నాడు. గ్వాంగ్‌లింగ్ అధికారులకి రాసి ఆ మోసగాణ్ణి కొరడాలతో కొట్టించి ఊరు దాటిస్తానన్నాడు. "నువ్వు కూడా ఆ ఉత్తరాలకి జవాబులు రాయడం మానెయ్ అత్తయ్యా. కొత్త గవర్నరు రాబోతున్నారు. ఇంటి పరువు చూసుకో."

ఆవం లోపల వాసం అంత పొడుగు మంట. ఒక్కసారి దాని వైపు చూశాను, ఒకసారి వాడి వైపు చూశాను. ఏం చెయ్యలేదులే. "పో, బయటికి" అన్నాను. వాడు పోతూ పోతూ ఆరబెట్టిన కోడితల మూతి కూజాల వరసని అంగీతో తాకించి పడగొట్టాడు, తిరిగి చూడలేదు.

నీ మీద నాకు చాలా ఉన్నాయి. జాడీలో దూరావు, గొప్పలు చెప్పావు, నన్ను మట్టి పిసికేదాన్నన్నావు. అయినా నువ్వు నీ ప్రాణం కోసం దాక్కున్నావు, ఎవరినీ చంపలేదు. వీడు కచేరీలో మెత్తని ఆసనం కోసం కన్నతండ్రిని చంపుతున్నాడు. ఆ కూజాల ముక్కలు ఏరుతూ అన్నాను, ఛీ, నా తమ్ముడే నయం అని. నా నోట ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

బస మార్చు. తెలిసిందా?

*

గ్వాంగ్‌లింగ్, ఉప్పుగోదాం వెనక
వానలు

అక్కా,

బస మార్చాను. కొరడాల వాళ్ళు వచ్చారట, పాత బస ఇంటావిడ చెప్పింది. ఆవిడ నన్ను ఎరగనంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఇక నాకేమీ అక్కర్లేదు. బండీ అక్కర్లేదు. కుండ పగలగొట్టొద్దు. దాన్ని నేను చూడలేదు గానీ, నువ్వు రాసిన దాన్నిబట్టి అది నీ చేతిలోంచి వచ్చినవాటిల్లో మంచిదని అర్థమైంది. ఆ వెనకాల కూర్చున్నవాణ్ణి అక్కడే ఉండనీ. పిల్లవాడి కొలువు నిలబడనీ. నేను పోయానని వాడే అన్నాడు, తండ్రి విషయంలో కొడుకు మాటకి ఎదురేముంది.

ఆ మోగని కడియాల గురించి నేను రాసింది కొట్టెయ్.

నాకు అర్జీలు ఉన్నాయి రాయడానికి. ఒక ముసలావిడ కొడుకుని వెతికించమని రాయించుకుంటోంది. ఊరి పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోతోంది. రేపు మళ్ళీ రమ్మన్నాను.

ఖువాంగ్

*

షాంగ్‌యూ, ఆవం కొండ
శరత్కాలం

తమ్ముడూ,

నువ్వు ఇంత మర్యాదగా రాస్తే నాకు భయమేసింది. తిట్టుకుంటూ ఉన్నంతసేపూ నువ్వు బాగానే ఉన్నావనుకునేదాన్ని. జ్వరమా? కాలు ఎలా ఉంది? జవాబు రాయనక్కర్లేదు, వచ్చి చెప్పు. ఎందుకు రమ్మంటున్నానో కూర్చుని చదువు.

పాతది పోయాక ఇక్కడ దక్షిణాదిన పెట్టిన కొత్త రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. శవం లేకుండా ఆత్మని పిలిచి పూడ్చడం ఇకమీదట నేరమట. సమాధి శరీరానికే గానీ ఆత్మకి కాదని పెద్దలు తేల్చారు. అలాంటి సమాధి ఉన్నవాళ్ళు దాన్ని ఎత్తివేయాలి. జిల్లాలో అందరికంటే ముందు ఉలిక్కిపడింది నీ కొడుకు. ఏ సమాధి చూపించి కొలువు సంపాదించాడో ఆ సమాధే ఇప్పుడు నేరం. రెండు వారాలు కనబడలేదు. తరవాత మూటతో వచ్చాడు.

మూట విప్పితే ఎముకలు.

"ఎవరివిరా ఇవి?"

"నాన్నగారివి అత్తయ్యా. ఎంతో శ్రమపడి తెప్పించాను."

"ఎక్కణ్ణించి?"

"గ్వాంగ్‌లింగ్ నుంచి" అన్నాడు. సిగ్గనేది వాడి మొహంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. మీ రేవులో దిక్కులేకుండా చచ్చిన ఎవడో ఉత్తరాది మనిషి తమ్ముడూ. ఆకలితో పోయాడో, జ్వరంతో పోయాడో. నువ్వు అర్జీ రాసిపెట్టినవాళ్ళలో ఒకడేమో కూడా.

"కాలెముక చూడరా. మీ నాన్న కంటే జానెడు పొడుగు."

"ఎవరు కొలుస్తారు అత్తయ్యా? నువ్వు ఈసారి ఇంకా పెద్ద కుండ చెయ్యి. మూడంతస్తులు పెట్టు. గవర్నరు గారు కూడా రావచ్చు."

సరేనన్నాను. వాడు సంతోషంగా వెళ్ళాడు. నేను కుండ చెయ్యలేదు.

సమాధి తెరిచిన రోజు జిల్లా అధికారి గొడుగు కింద కూర్చున్నాడు. ఊరంతా వచ్చింది. ఆత్మకుండని బయటికి తీశారు. మట్టి తుడిస్తే పచ్చదనం చెక్కుచెదరలేదు. అధికారి లేచి వచ్చి పిచ్చుకల మీద వేలు పెట్టి, "ఇంత పనితనం మట్టిలో పాతారా!" అన్నాడు. ఆ మాటకి నా గుండె ఉప్పొంగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ పైన పద్ధతి ప్రకారం నన్ను ముందుకి పిలిచాడు. తోడబుట్టిన పెద్దది సాక్ష్యం చెప్పాలి కదా.

"అమ్మా, ఇవి నీ తమ్ముడి ఎముకలేనా?"

నీ కొడుకు నా వైపు చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తున్నాడు. బాగా ఏడుస్తాడు వాడు.

"కాదండీ. నా తమ్ముడి ఎముకలు నా తమ్ముడి ఒంట్లో ఉన్నాయి. వాడు గ్వాంగ్‌లింగ్‌లో ఉప్పుగోదాం వెనక మొద్దుబారిన కాలితో అర్జీలు రాసుకుంటున్నాడు. రాజధాని పడిపోయిన రోజు వాడు జాడీలో దాక్కుని బతికాడు" అన్నాను.

ఎవరో పక్కున నవ్వారు. ఆ తరవాత అందరూ నవ్వారు. నీ కొడుకు ఏడుపు ఆపి లేచి, అత్తకి మతి పోయిందన్నాడు. కుండని రెండు చేతులా ఎత్తి సమాధి రాతికేసి కొట్టాను.

కన్నాలుండగా పగలగొట్టక్కర్లేదురా. అది నీకు వందసార్లు చెప్పినా నమ్మవు. సన్నటి కన్నాలు అంటావు. అందుకని కొట్టాను. అటువంటిది నేను మళ్ళీ చెయ్యలేను. ఆ పూత ఇక రాదు. ముక్కలు పడ్డాక వంగి లోపల చూశాను, నిజం చెబుతున్నాను, ఎక్కడైనా నువ్వున్నావేమోనని. పూడ్చేటప్పుడు పోసిన పిడికెడు వడ్లు తప్ప ఏమీ లేవు.

ఎముకల మనిషిని మాత్రం ఆ సమాధిలోనే పెట్టించాను. గొయ్యి తవ్వి ఉంది, అధికారి కూడా అడ్డుచెప్పలేదు. ఎవరి బిడ్డో పాపం. ఆ ముసలావిడ మళ్ళీ వస్తే కొడుకు పొడుగాటివాడేనా అని అడుగు.

యీకి కొలువు పోయింది. నన్ను తిట్టుకుంటూ అత్తవారి ఊరెళ్ళాడు. మీ ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది గానీ, నీ పరుపు ఎండలో వేయడం చూశాను. సరంగుకి అంతా చెప్పాను, పడవలో గడ్డి మీద నీకు చోటు ఉంచుతాడు. నీ పేరు చెప్పుకునే ఎక్కు. రేవులో ఊరంతా ఉంటుంది. జాడీ అయ్యగారు వచ్చారని పిల్లలు కేకలేస్తారు. పెద్దవాళ్ళు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. తల దించుకోకు, ఎవరికీ ఏమీ చెప్పుకోకు, నేరుగా నా దగ్గరికి నడిచి రా. అందరికంటే ముందు నిలబడి, అందరికంటే గట్టిగా నవ్వేదాన్ని నేనే.

అక్క